మెడ కింద ఉబ్బి, మేత మానేసిన పెట్ట: ఏం చేయాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆదోని పక్క పల్లె, ఏడాదిన్నర వయసున్న గ్రామప్రియ రకం పెట్ట. పది రోజులుగా గుడ్డు లేదు. మూడు రోజులుగా మేత ముట్టకుండా రెక్కలు వాల్చి మూలన నిలబడుతోంది. మెడ కింద నిమ్మకాయ కంటే పెద్ద ఉబ్బు, నోటి దగ్గర పులిసిన వాసన, రెట్ట ఆకుపచ్చగా నీళ్లలా పడుతోంది. పక్కింటివాళ్లు కాళ్లు పట్టి తలకిందులుగా పిండమన్నారు, మందుల షాపులో ఏదో క్యాప్సూల్ ఇచ్చారు, మీ అత్తగారు బలం రావాలని అన్నం ముద్దలు నోట్లో కుక్కుతున్నారు. కోసేయాలా, బతుకుతుందా అని అడిగారు.

ముందు ఈ మూడూ ఆపండి. తలకిందులు చేయడం, క్యాప్సూల్, అన్నం ముద్దలు. మిగతాది నిదానంగా చదవండి, ఒక రాత్రి గడిస్తే ఏమీ మునిగిపోదు.

నేను డాక్టర్ని కాను. కల్యాణదుర్గం వైపు ఇరవై ఆరేళ్లుగా పెరటి కోళ్లు పెంచుతున్నాను, ఎప్పుడూ ముప్పై నలభైకి తగ్గకుండా ఉంటాయి. వాటిలో చాలా వాటిని లేపుకున్నాను, కొన్నిటిని నా చేతులతోనే చంపుకున్నాను. ఆ రెండోదాని గురించే ముందు చెబుతాను.

2009లో నా దగ్గర ఒక నల్ల పెట్ట ఉండేది. సరిగ్గా మీ పెట్టలాగే మెడ కింద ఉబ్బింది. ఊళ్లో పెద్దాయన ఒకరు చెప్పాడని కాళ్లు పట్టుకుని తల కిందికి వంచి మెడ కింద నొక్కాను. గోధుమ రంగు నీళ్లు బుడబుడా పడ్డాయి, గంజి పులిసిన వాసన. పని అయిందని సంతోషపడి ఇంకోసారి నొక్కాను. గొంతులో గరగరమని చప్పుడు, రెక్కలు ఒక్కసారి కొట్టుకుంది, కళ్లు మూతపడ్డాయి. నిమిషం పట్టలేదు. కోసి చూస్తే మేతసంచిలో, అంటే మెడ అడుగున మేత నిలిచే సంచిలో, పిడికిలంత ఉండ. శెనక్కట్టె (ఎండిన వేరుశెనగ చెట్ల) ఈనెలు, యూరియా సంచి ప్లాస్టిక్ పోగులు జడలా అల్లుకుపోయి ఉన్నాయి. దాన్ని చంపింది మాత్రం ఆ ఉండ కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు. కోడి నోరు తెరిస్తే నాలుక మొదట్లోనే చిన్న చీలికలా గాలిగొట్టం ద్వారం కనబడుతుంది. మనకున్నట్టు దానికి పైన మూత లేదు. మనలాగా గట్టిగా దగ్గి బయటికి తోసే బలమూ కోడికి లేదు. సంచిలోని పులిసిన నీళ్లు నోట్లోకి వస్తే నేరుగా అక్కడికే దిగుతాయి. ఇలా తలకిందులు చేసి పిండడాన్ని ప్రాణం పోకుండా చేయగలిగిన డాక్టర్లు ఉన్నారు, మనం చేయకూడదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో. కోడికి పళ్లు లేవు కదా, ముక్కుతో పొడిచింది పొడిచినట్టే మింగుతుంది. అది మెడ అడుగున, రొమ్ముకు పైన, కొంచెం కుడి పక్కకు ఉండే మేతసంచిలో నిలుస్తుంది. అక్కడ నానుతుంది. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా కడుపులోకి, తర్వాత కందనకాయలోకి జారుతుంది. కందనకాయ అంటే మనం కూరలో తినే ఆ గట్టి కండే, అదే దాని తిరగలి. మింగిన చిన్న రాళ్లతో గింజల్ని నూరుతుంది. సాయంత్రం గూటికి చేరేటప్పుడు సంచి నిండుగా ఉంటుంది. రాత్రంతా ఖాళీ అవుతూ పోయి, తెల్లవారేసరికి చేతికి తగలనంత చప్పబడుతుంది. అంటే పొద్దు గూకేటప్పుడు ఉబ్బు కనబడితే అది రోగం కాదు, అది కడుపు నిండిన కోడి. తెల్లవారుజామున కూడా ఉబ్బు అలాగే ఉంటేనే రోగం.

మీరు రాయని ముఖ్యమైన సంగతి ఇదే. ఉబ్బు ఏ వేళ చూశారు? గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? ఈ రాత్రి పెట్టను వేరుగా గంప కింద మూయండి. మేత పెట్టొద్దు. పొద్దున ఐదున్నరకు, మిగతా కోళ్లను వదలక ముందే, దాన్ని ఎడమ చంకలో రెక్కలు కదలకుండా పట్టుకోండి. కుడిచేతి నాలుగు వేళ్లను మెడ అడుగున పెట్టి, పాలకోవా మెత్తబడిందా లేదా అని చూసినట్టు మెల్లగా నొక్కండి. గట్టి ఉండలా, చపాతీ పిండి ముద్దలా తగిలి, నొక్కిన వేలి గుంట అలాగే నిలిచిందంటే అడ్డం పడినట్టు. నీళ్లు నింపిన బుడగలా గుబగుబలాడుతూ, ముక్కు దగ్గర పులుపు వాసన కొడితే లోపల పులిసిపోయినట్టు. ఉబ్బు కిందికి సంచిలా వేలాడుతూ నడుస్తుంటే ఊగుతుంటే, సంచి కండ సాగిపోయి బలం పోయినట్టు. సంచి ఖాళీగానే ఉండి కూడా కోడి తినడం లేదంటే లోపం సంచిలో లేదు, ఇంకా కిందెక్కడో ఉంది.

మీరు రాసిన వాసనను బట్టి నాకు రెండోది అనిపిస్తోంది. కానీ ఊరికే పులవదు. కింద దారి మూసుకుంటే మేత నిలుస్తుంది, నిలిచినది ఆ వేడికి పులుస్తుంది, ఈస్టు పెరుగుతుంది. మన ఇంట్లో దోసెల పిండి మే నెలలో ఎంతసేపట్లో పొంగుతుందో మీకు తెలుసు కదా. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు, ఏడాది పొడుగునా లోపల మే నెలే.

మరి దారి ఎందుకు మూసుకుంది? మీరు చివర్లో మాటవరసకు రాసిన వాక్యం నన్ను ఆపింది. వసారాలో పత్తి రాశి పోసి ఉందని, కోళ్లు దాని మీదెక్కి పొడుస్తుంటాయని రాశారు. ఆదోని మార్కెట్‌కు రేటు వచ్చేదాకా ఇంట్లోనే పత్తి పెట్టుకోవడం మీ వైపు మామూలే. కోడి గింజ కోసం పొడుస్తుంది, గింజతో పాటు దూది కూడా పోతుంది. దూది జీర్ణం కాదు. నానిన దూది, దానికి చుట్టుకున్న గడ్డిపరకలు సంచిలో ఉండకట్టేస్తాయి. ఇది నా అనుమానం మాత్రమే, కోసి చూడకుండా ఖాయంగా చెప్పలేను. మా వైపు అయితే ఆ పని శెనక్కట్టె, సంచుల పోగులు చేస్తాయి. జూన్‌లో తొలి వానలు పడి గరిక మొలిచినప్పుడు ఎండాకాలమంతా పచ్చి చూడని కోళ్లు ఎగబడి జానెడు జానెడు పరకలు మింగుతాయి. ఆ నెల నా దొడ్లో కనీసం ఒక కోడికి మెడ ఉబ్బుతుంది.

సరే, చేయాల్సింది. పెట్టను మిగతావాటి నుంచి వేరు చేసి, గాలి తగిలే నీడలో అట్టపెట్టెలోనో గంప కిందో పెట్టండి. అడుగున పాత న్యూస్‌పేపర్ వేయండి. గడ్డి, ఊక వేయొద్దు, ఆకలికి అవి కూడా తింటుంది. పేపర్ వేస్తే ఇంకో లాభం, రెట్ట లెక్క తెలుస్తుంది. ఎండాకాలమైతే గంప పైన తడి గోనెపట్ట, చలికాలమైతే రాత్రి పక్కన బల్బు. జబ్బుకోడి ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే సగం శక్తి ఖర్చు పెడుతుంది.

ఒక రోజు పూర్తిగా మేత ఆపండి. అత్తగారికి మనసు ఒప్పదు, నాకు తెలుసు, మా అమ్మ కూడా నాతో ఇదే పోట్లాట పెట్టుకునేది. కానీ కదలని సంచిలో వేసిన ప్రతి ముద్దా పులిసే సరుకే. ఒక రోజు ఆకలికి పెట్ట చావదు, నీళ్లు లేకుంటే చస్తుంది. మూడు రోజులుగా తాగిందో లేదో కూడా మనకు తెలియదు. రొమ్ము ఎముక తడిమి చూడండి. ఎముకకు రెండు పక్కలా కండ ఉంటే టైమ్ ఉంది. కత్తి అంచులా తగిలితే ఆగకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నీళ్లు పట్టించే పద్ధతి ముఖ్యం. సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజి తీసుకోండి. తల పైకెత్తి నోరు తెరిచి గొంతులో పోయొద్దు. ముక్కు పక్క నుంచి, పై ముక్కు కింది ముక్కు కలిసే చోట ఒక్కో చుక్క వదలండి. చుక్క తగలగానే అదే నాలుక ఆడించి మింగుతుంది. మింగాక ఇంకో చుక్క. అలా ఒక విడతకు 5 మిల్లీలీటర్లు, గంటన్నరకోసారి. గోరువెచ్చగా ఉండాలి. పది నిమిషాలు పట్టే పని, తొందరపడితే గాలిగొట్టంలోకి పోతుంది.

గట్టి ఉండ అయితే కొబ్బరినూనె పనికొస్తుంది. నూనెను ద్రవంగా పట్టించొద్దు, అది జారి ఊపిరిలోకి పోవడం నీళ్లకంటే ప్రమాదం. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించి, శెనగ గింజంత ముక్కలు కోసి, నోట్లో ఒకటి పెడితే మేతలా మింగేస్తుంది. నాలుగైదు ముక్కలు చాలు. అరగంట ఆగి సంచిని మెల్లగా పిసకండి. పిండి కలిపేటప్పుడు అంచులు లోపలికి మడుచుకుంటాం చూడండి, అలా అంచుల నుంచి ఉండను విడగొట్టాలి. మధ్యలో బలంగా నొక్కకూడదు, నోటివైపు తోయకూడదు. ఐదు నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. తల వంచి నోటికి ద్రవం ఎగదన్నుతుంటే వెంటనే వదిలేసి నిటారుగా నిలబెట్టండి.

నీళ్ల బుడగలా ఉండి వాసన వస్తుంటే నూనె వద్దు, పిసకడం వద్దు. బెల్లం నీళ్లు, గ్లూకోజు అసలే వద్దు. నీరసానికి బెల్లం నీళ్లు పట్టించడం మన ఇళ్లలో అలవాటు. ఈస్టుకు తీపి పోస్తే ఇంకా పొంగుతుంది. ఉత్త నీళ్లే పట్టించండి. వాసన లేని, గట్టి ఉండ ఉన్న కోడికైతే ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చు, మనుషులకు కలిపే దానికంటే పలచగా, లీటరు నీళ్లకు సగం ప్యాకెట్. ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే. మైలుతుత్తం నీళ్లు, కిరోసిన్ చుక్కలు, పొగాకు నీళ్లు ఎవరైనా చెబితే చేతులెత్తి దండం పెట్టి పంపించేయండి. వెల్లుల్లి, పసుపు అంటారా, చిటికెడు వేస్తే నష్టం లేదు, దానివల్ల లేచిన కోడిని మాత్రం నేను చూడలేదు.

ఆ క్యాప్సూల్ సంగతి. మా ఊరి దగ్గర కూడా ఒక షాపులో కోడికి ఏమొచ్చినా అదే రంగు క్యాప్సూల్ చేతిలో పెడతారు, యాంటీబయాటిక్. పులిసిన సంచిలో పెరిగేది ఈస్టు, అంటే బూజు జాతిది. యాంటీబయాటిక్ దాన్ని చంపదు. దాన్ని అదుపులో పెట్టే మంచి బాక్టీరియాను చంపుతుంది. కాబట్టి రోగం పెరుగుతుంది. ఈ జబ్బుకు డాక్టర్లు ఎక్కువగా రాసేది నిస్టాటిన్ అనే మందు, బూజుకు పనిచేసేది. ఎంత ఇవ్వాలన్నది పెట్ట బరువును బట్టి వాళ్లే చెప్పాలి, నేను ఇక్కడ లెక్క రాయను.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? రేపు పొద్దున చూశాక ఇరవై నాలుగు గంటల్లో సంచి కొంచెమైనా తగ్గకపోతే వెళ్లండి. మీ మండలం పశువైద్యశాలలో కోడిని తెస్తే నవ్వుతారేమో అనుకోకండి, చూస్తారు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. ఎవరైనా ప్రొద్దుటూరు వైపు వాళ్లు చదువుతుంటే, అక్కడ పశువైద్య కళాశాల ఉంది. దూది ఉండ పెద్దదైతే నూనెతో కరగదు, సంచి కోసి తీయాల్సిందే. అది విన్నంత భయంకరం కాదు. ఐదేళ్ల కిందట మా పక్క వీధి వాళ్ల అసీల్ పుంజుకు నా ముందే చేశారు. ఈకలు పీకి, మత్తు సూది ఆ చోట మాత్రమే వేసి, రెండంగుళాలు కోసి, పటకారుతో లాగితే మోకు ముక్కలా వచ్చింది. సంచికి ఒక కుట్టు, పైచర్మానికి ఇంకో కుట్టు. పుంజు అంతసేపూ కళ్లు తెరిచి మమ్మల్నే చూస్తోంది. మర్నాడు కూసింది. ఇది ఇంట్లో బ్లేడుతో చేసే పని మాత్రం కాదు, అలా చేసి చూపించే వీడియోలు ఉన్నాయి, చూడకండి.

పేపర్ మీద రెట్ట గురించి చాలామంది ఊరికే టెన్షన్ పడతారు, కొందరు పడాల్సినప్పుడు పడరు. ముద్దగా ఉండి పైన తెల్లటి టోపీ ఉంటే బాగున్నట్టు, ఆ తెలుపు మూత్రమే. రోజుకు ఒకటి రెండుసార్లు జిగటగా, ముదురు గోధుమ రంగులో, ముక్కు మూసుకునే కంపుతో వేస్తుంది, అదీ మామూలే. మీ పెట్టకు ఆకుపచ్చ నీళ్లు పడుతున్నాయంటే కడుపులో మేత లేక పిత్తం ఒక్కటే దిగుతోందన్నమాట, ఆకలి రెట్ట అది. మేత దిగడం మొదలైన రోజు ఆ పచ్చ తగ్గి ముద్ద కనబడుతుంది, నేను ఎదురుచూసేది ఆ ముద్ద కోసమే. నెత్తురు కనబడితే వేరే కథ. అది రక్తపారుడు, కాక్సిడియోసిస్. పిల్లల్లో ఎక్కువ. దానికి నీళ్లలో అంప్రోలియం కలిపి ఇస్తారు. ఆ మందు ఇచ్చే రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ కూడా కలిపేవాళ్లున్నారు. అంప్రోలియం పనిచేసేదే ఆ రోగక్రిమికి బి1 విటమిన్ అందకుండా చేసి. రెండూ కలిపితే ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి.

ఒక జాగ్రత్త. మీ పెట్ట మెడ చాస్తోంది, తిప్పుతోంది అని రాశారు. సంచి ఇబ్బందికి కూడా అలా చాస్తుంది, ఆవులించినట్టు. కానీ మెడ మెలితిరిగి వెనక్కి పడిపోవడం, నోరు తెరిచి గురకలా ఊపిరి, ఒక కాలు ఒక రెక్క పడిపోవడం, రెండు మూడు రోజుల్లో ఇంకో రెండు కోళ్లు కూడా అలాగే అయితే, అది కొక్కెర తెగులు, రాణిఖేత్. దానికి చికిత్స లేదు, ముందే టీకా వేయాలి. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క, రెండు నెలలప్పుడు ఆర్2బి సూది. ఒక్కసారిగా చాలా కోళ్లు చచ్చిపడితే చేత్తో ముట్టకుండా పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా. మీకు మాత్రం ఒక్క పెట్టే, మిగతావి బాగున్నాయన్నారు కాబట్టి నేను ఆ వైపు అనుకోవడం లేదు.

గుడ్డు ఆగడం మేత మానేసిన కోడికి సహజం. అయినా ఒకసారి పొట్ట కింద, తోక ముందు తడమండి. గుడ్డు అడ్డం పడి ఉంటే గట్టిగా తగులుతుంది, కోడి నిటారుగా నిలబడి ముక్కుతూ ఉంటుంది. కిందెక్కడ ఆగినా పైన సంచి ఖాళీ కాదు, అందుకే చూడమంటున్నాను. పేగుల్లో నులిపురుగులు ఉండకట్టినా అంతే. మారెక్స్ అనే వ్యాధిలో నరం దెబ్బతిని సంచి కదలిక ఆగిపోతుంది, దానికి ఇంట్లో మనం చేసేదేమీ లేదు.

ఇక మేత మళ్లీ మొదలు పెట్టడం. తొందరపడి చాలామంది చెడగొట్టేది ఇక్కడే. రెండు ఉదయాలు వరసగా సంచి చప్పగా ఉండాలి, లేదా కనీసం సగానికి తగ్గి మెత్తబడాలి. అప్పుడు ఉడికించిన గుడ్డు పచ్చసొన, చెంచాడు, నీళ్లతో పలచగా మెదిపి. రెండు గంటలకు సంచి తగ్గిందా చూసి ఇంకో చెంచా. మర్నాడు రాగి అంబలి పలచగా, బెల్లం లేకుండా. తర్వాత నానబెట్టిన లేయర్ దాణా. చెంచాడు పెరుగు కలిపితే మంచిదే, గ్లాసుడు పోయొద్దు, కోడికి పాలపదార్థం ఎక్కువైతే పారుతుంది. కొర్రలు, జొన్నలు, మొక్కజొన్న లాంటి గింజలు వారం దాకా చూపించకండి. ఆకుకూర పెట్టాలంటే కత్తెరతో గోరంత ముక్కలుగా కోసి. సంగటి ముద్ద పెడితే ఇష్టంగా తింటుంది, కానీ అది సంచిలో మళ్లీ ముద్దే అవుతుంది, ఓ పది రోజులు వద్దు.

సంచి కదలడం మొదలయ్యాకే రాళ్లు. పెరట్లో తిరిగే కోడి తనే ఏరుకుంటుంది, కానీ సిమెంటు గచ్చు ఉన్న ఇళ్లలో దానికి దొరకవు. ఇక్కడ మన జిల్లాలవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. కడప బండ, బేతంచర్ల బండ, తాడిపత్రి బండ కోసిన చోట పొడి, చిన్న చిప్పలు ఊరికే దొరుకుతాయి. అవి వేసి రాళ్లు వేశాం అనుకుంటారు. అవన్నీ సున్నపురాయి. కడుపులోని ఆమ్లానికి కరిగిపోతాయి. గుడ్డు పెంకుకు కాల్షియంగా పనికొస్తాయి, పెట్టే పెట్టకు రోజుకు 4 గ్రాముల దాకా కాల్షియం కావాలి కాబట్టి వృథా కాదు. కానీ గింజ నూరడానికి కరగని రాయి కావాలి. వంక ఇసుకలో జల్లెడ పట్టిన గరుకు, లేదా నల్ల గ్రానైట్ చిప్పల్లో పెసర గింజంతవి. ఒక మట్టి మూకుడులో వేసి మూలన పెడితే కావలసినప్పుడు తింటాయి, బలవంతంగా నోట్లో వేయొద్దు.

బూజు పట్టిన శెనక్కాయలు, పాత చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) కోళ్లకు వేసే అలవాటుంటే అదీ ఆపండి. మనుషులు తినలేనివి కోళ్లకు వేస్తాం కదా, మా ఇంట్లోనూ అంతే ఉండేది. ఆ బూజు విషం, అఫ్లాటాక్సిన్, కాలేయాన్ని తినేస్తుంది. అసలు ఆ విషం సంగతి ప్రపంచానికి తెలిసిందే శెనక్కాయ వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వెతికి వెతికి చివరకు మేతలో కలిపిన శెనక్కాయ చెక్కలో పట్టుకున్నారు. అలాగే విత్తే రోజుల్లో మందు పట్టించిన విత్తనాలు మిగిలితే దొడ్లో పారేయకండి. నోటి నుంచి చొంగ, వణుకు, కాళ్లు పడిపోవడం కనబడితే అనుమానించాల్సింది దాన్నే.

కోసేయాలా అని అడిగారు. నా లెక్క నేను చెబుతాను, మీది మీ ఇష్టం. కళ్లు తెరిచి ఉండి, మనిషి దగ్గరికి వస్తే తల తిప్పుతుంటే, నీళ్లు చుక్క వేస్తే మింగుతుంటే నాలుగైదు రోజులు పట్టి చూస్తాను. తల ఈకల్లో దూర్చి, తురాయి నీలం తిరిగి, మింగడం కూడా మానేస్తే డాక్టర్ మాట విని బాధ తీరుస్తాను. సంచి సాగిపోయి వేలాడే కోళ్లు బాగైనట్టే అయి మళ్లీ మళ్లీ ఉబ్బుతాయి. అలాంటిది ఒకటి నా దగ్గర మూడేళ్లు బతికింది, రోజూ నానబెట్టిన మేత తిని, గుడ్లు అంతంతమాత్రంగా పెట్టి. మా అమ్మాయికి అది కావాలి, అంతే. ఇంకోటి, యాంటీబయాటిక్ వేసిన పెట్టను ఇప్పుడు కోసి తినడం మంచిది కాదు, డాక్టర్ చెప్పిన రోజులు గడవాలి. గుడ్లకూ అదే లెక్క.

రేపు ఐదున్నరకు పట్టి చూసి గట్టిగా ఉందో, గుబగుబలాడుతోందో, చప్పబడిందో రాయండి, దాన్ని బట్టి చెబుతాను. రొమ్ము ఎముక ఎలా తగిలిందో కూడా. పత్తి రాశి మీద మాత్రం పొద్దున దాకా ఆగకుండా ఈ రాత్రే పట్ట కప్పించండి, మిగతా కోళ్లు తెల్లారగానే ముందు అక్కడికే పోతాయి.